బువొన్‌జోర్నో... మీ పని గురించి చెబుతారా?

పాఠం క్లాసులో మొదలై బజార్లో పూర్తవుతుంది. ఇటాలియన్ నేర్చుకోవడానికి ఫ్లోరెన్స్ వెళ్లే విదేశీ విద్యార్థులకు రొట్టెల పొయ్యి దగ్గరా, వడ్రంగి బల్ల దగ్గరా నిలబడి ఉండేవాళ్లే అసలు మేష్టార్లు!

ఫ్లోరెన్స్‌ని ఆర్నో నది రెండుగా చీలుస్తుంది. పెద్ద చర్చి, ఉఫీత్సి మ్యూజియం, పర్యాటకుల సందడీ ఉత్తరం ఒడ్డున. దక్షిణం ఒడ్డు పేరు ఓల్త్రార్నో. అంటే ‘ఆర్నోకి అవతల’ అని. సాంతో స్పిరితో, సాన్ ఫ్రెదియానో చర్చిల చుట్టూ ఉన్న ఇరుకు సందుల్లో చేతిపనుల దుకాణాలు ఇప్పటికీ కనిపిస్తాయి. వాటిని ‘బొత్తేగా’ అంటారు. ముందు గదిలో అమ్మకం, వెనక గదిలో పని.

నాలుగు ప్రశ్నలు రాసుకుని ఇలాంటి దుకాణాలకు వెళ్లి మాట్లాడి రావడం భాషా విద్యార్థులకు మంచి కసరత్తు. ఈ పని ఎన్నేళ్లుగా చేస్తున్నారు? ఎవరి దగ్గర నేర్చుకున్నారు? అన్నిటికన్నా కష్టమైంది ఏది? ఇవే ఆ ప్రశ్నలు.

‘మీరు’ అనాలి!

గుమ్మంలో అడుగుపెట్టగానే ‘బువొన్‌జోర్నో’ అనాలి. పలకరించకుండా వస్తువులు చూడటం అక్కడ మర్యాద కాదు. పరిచయం లేని పెద్దవాళ్లను ‘తు’(నువ్వు) అనకూడదు, ‘లెయి’(మీరు) అనాలి. అన్నిటికీ ఒక్క ‘యూ’తోనే సరిపెట్టే ఇంగ్లిషు వాళ్లు ఇక్కడే తడబడతారు. తెలుగువాళ్లకు ఆ బెంగ లేదు. రెండు భాషల్లోనూ మాటలు ఎక్కువగా అచ్చులతోనే ముగుస్తాయి కాబట్టి నోరు తిరగడమూ తేలికే.

కానీ పుస్తకంలోని ‘కాసా’(ఇల్లు) వీధిలో ‘లా హాసా’ అయిపోతుంది. అచ్చుల మధ్య ‘క’ను ‘హ’లా పలకడం టస్కనీ యాస మరి!

బంగారు ఆకు

ఫొటో ఫ్రేములకు బంగారు పూత వేసే దుకాణంలో ‘ఫోల్యా’ అన్న మాట వినిపిస్తుంది. చెట్టు ఆకును అలా అంటారని క్లాసులో చెప్పి ఉంటారు. ఇక్కడ మాత్రం అది ఊపిరి తగిలినా ఎగిరిపోయేంత పల్చటి బంగారు రేకు. చెక్కమీద సుద్ద, జిగురు కలిపి పూతలు వేస్తారు. దానిపై ఎర్రమట్టి పూసి, రేకు అతికించి, నున్నటి అగేట్ రాయితో రుద్దుతారు. అప్పుడొస్తుంది మెరుపు. మాట అర్థంకాకపోయినా చెయ్యి చూస్తే అర్థమవుతుంది.

పుస్తకాలు బైండింగు చేసేచోట మరో వింత. తొట్టెలోని చిక్కటి జిగురు నీళ్లపై రంగులు చిలకరించి, దువ్వెనలాంటి పరికరంతో గీతలు లాగి, కాగితాన్ని నెమ్మదిగా పరుస్తారు. ఎత్తేసరికి నెమలిపింఛం లాంటి డిజైన్. ఏ రెండూ ఒకేలా రావు.

రొట్టెల దుకాణంలో ప్రశ్న తేలిక... ఈ రొట్టెలో ఉప్పేదీ? పూర్వం పీసా నగరంతో తగాదా వచ్చి ఉప్పు ఆగిపోయిందని ఒకరంటే, పన్ను ఎక్కువై మానేశారని మరొకరంటారు. ఆ చప్పిడి రొట్టెకి ‘షోక్కో’ అని పేరు. ఆ మాటకి ‘తెలివితక్కువ’ అనే అర్థమూ ఉంది!

మీ తర్వాత ఎవరు?

1966 నవంబరు 4న ఆర్నో పొంగింది. కింది అంతస్తుల్లోని కార్ఖానాలు మునిగి పనిముట్లు, కలప బురదపాలయ్యాయి. నాటి పిల్లలు ఇప్పుడు అరవై దాటినవాళ్లు. కదిలిస్తే ఆ కబుర్లు చెబుతారు.

ఈసారి వరద వేరే. అద్దెలు పెరిగాయి. ఇళ్లు పర్యాటకుల బసలవుతున్నాయి. చారిత్రక కేంద్రంలో అలాంటి కొత్త బసలు వద్దని నగరపాలక సంస్థ 2023లో తీర్మానించింది. కానీ ఇల్లు మిగిలినంత మాత్రాన పని మిగలదుగా! చెయ్యి తిరగడానికి ఏళ్లు పడుతుంది, నేర్చుకునేటప్పుడు వచ్చేది తక్కువ. అందుకే ‘మీ తర్వాత ఈ దుకాణం ఎవరు చూస్తారు?’ అన్న ప్రశ్నకు చాలాచోట్ల భుజాలెగరేయడమే జవాబు. ఆ విద్యార్థికది భవిష్యత్ కాలం అభ్యాసం. ఎదుటివారికి మాత్రం నిజంగానే భవిష్యత్తు.

వెళ్లాలనుకుంటే...

పొద్దున పది దాటాకో, సాయంత్రం నాలుగు తర్వాతో వెళ్లాలి. మధ్యాహ్నం చాలా షట్టర్లు దించేస్తారు. ఆగస్టులో సెలవులు. పనిలో ఉన్నవాళ్లను అడగకుండా ఫొటో తీయకూడదు. బయల్దేరేటప్పుడు ‘గ్రాత్సియె’ అంటే ‘ప్రేగో’ అంటారు. ‘పర్వాలేదు’ అని అర్థం. గుమ్మంలో వినిపిస్తే మాత్రం... ‘లోపలికి రండి’ అని!