ఒక జత దవడల కథ

కొత్త జాతి శిలాజ కీటకం దొరికిందని పేపర్లో చదివినప్పుడల్లా కాళ్ళూ రెక్కలూ అన్నీ ఉన్న పురుగు రాతిలో అచ్చు గుద్దినట్టు కనబడి ఉంటుందనుకుంటాం. అన్నిసార్లూ అంత అదృష్టం ఉండదండీ. రైనియోగ్నాథా హర్స్టీ సంగతే చూడండి.

స్కాట్లాండులో రైనీ అనే ఊరి దగ్గర చెర్ట్ అనే రాయి ఉంది. వయసు సుమారు 40 కోట్ల ఏళ్ళు. వేడినీటి ఊటల్లోని సిలికా అక్కడి మొక్కల్నీ చిన్న జీవుల్నీ ఉన్నవాటిని ఉన్నట్టే రాయిగా బిగించేసింది. అందులో ఓ తునకలో కనబడ్డవి ఒక జత దవడలు, తల తాలూకు కొన్ని ముక్కలు. అంతే! 1926లో హర్స్ట్, మౌలిక్ వాటి గురించి రాశారు (అన్నట్టు, ఈ సమరేంద్ర మౌలిక్ మనదేశం నుంచి వెళ్ళినవాడే). 1928లో టిల్యార్డ్ దానికి పేరు పెట్టాడు. ఆ తర్వాత చాలాకాలం దాని జోలికి పెద్దగా ఎవరూ పోలేదు.

2004లో ఎంగెల్, గ్రిమాల్డి అదే స్లైడు మళ్ళీ చూశారు. దవడ తలకి రెండుచోట్ల కీళ్ళతో అతుక్కునే రకమని, ఆకారం రెక్కల పురుగుల దవడల్లా ఉందని 'నేచర్'లో రాశారు. అంటే అప్పటికే రెక్కలు వచ్చేసి ఉండొచ్చన్నమాట. మామూలు మాట కాదది. రెక్కలు స్పష్టంగా కనబడే శిలాజాల్లో బాగా పాతవి సుమారు 32 కోట్ల ఏళ్ళవే మరి. 2017లో కరోలిన్ హౌగ్, యోవాఖిమ్ హౌగ్ ఆ స్లైడునే పరిశీలించి, ఇది కీటకమే కాకపోవచ్చు, జెర్రి జాతిది అయ్యే అవకాశమే ఎక్కువ అన్నారు!

నాకు నచ్చిందేమిటంటే, ఇంత గొడవలోనూ పేరు చెక్కుచెదరలేదు. జాతి పేరు మనం రాసిన వర్ణనకి కాదు, ఆ ఒక్క నమూనాకి కట్టి ఉంటుంది. మన పాయింటర్ లాగా. వర్ణన తప్పయితే ఇంకొకరు వచ్చి తిరగరాస్తారు. నమూనా పోతే మాత్రం వాదించడానికేమీ మిగలదు. ఓ పాత ప్రాజెక్టులో మూడేళ్ళనాటి లెక్క ఎలా వచ్చిందో చెప్పమన్నారు. రిపోర్టు భద్రంగా ఉంది. ఇన్‌పుట్ ఫైలు మాత్రం డిస్కులో చోటు చాలట్లేదని ఎవరో చెరిపేశారు. ఇంకేం చెబుతాం?

లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం వాళ్ళు ఆ తునకని దాచారు కాబట్టే 2004 వాళ్ళనీ 2017 వాళ్ళనీ ఒకే దవడల దగ్గర నిలబెట్టి అడగ్గలుగుతున్నాం. నా ఓటు జెర్రికే. మధ్యలో ఆ 8 కోట్ల ఏళ్ళ రాళ్ళలో ఎక్కడో ఒక రెక్క ముక్క దొరికిందంటే మాత్రం, మళ్ళీ మొదటికే.