140 అక్షరాల విమర్శ

టూరింగు టాకీసుల రోజుల నుంచీ మన ప్రేక్షకుడు నోరు మూసుకుని సినిమా చూసినవాడు కాడు. ఈల వేశాడు, ప్రతినాయకుణ్ణి తిట్టాడు, పక్కవాడికి కథ ముందే చెప్పి చీవాట్లు తిన్నాడు. అంచేత 2012లో హైదరాబాదు హాస్టలు గదిలో మేము కొందరం ఎం.ఏ. విద్యార్థులం సైన్సు ఫిక్షను సినిమాలు చూస్తూ, చూస్తున్నంతసేపూ ట్విట్టరులో వ్యాఖ్యలు రాస్తూ వుంటే, పాత ఈలకు కొత్త యంత్రం దొరికిందనే అనుకున్నాను.

శనివారం రాత్రి భోజనాలయ్యాక ఏడుగురం ఒక ల్యాప్‌టాపు ముందు చేరేవాళ్లం. చేతుల్లో ఫోన్లు. అందరి ట్వీట్లకూ ఒకటే హ్యాష్‌ట్యాగు. కుబ్రిక్ ‘2001’ చూశాం, తార్కోవ్‌స్కీ ‘సొలారిస్’ చూశాం. ‘సొలారిస్’ మాకు సాగలేదు. ఆయన ఆలోచించడానికి వ్యవధి ఇస్తాడు. మాకు కావలసింది వ్యవధి కాదు, వ్యాఖ్యకు సందు.

మేము చదివేది తెలుగు సాహిత్యం. రాసింది మాత్రం ఇంగ్లీషులో. కొందరి ఫోన్లలో తెలుగు డబ్బాలు డబ్బాలుగా కనిపించేది. పైగా ఆనాటి పరిమితి 140 అక్షరాలు. ‘శ్రామికుడు’ అన్న మాట కంటికి నాలుగక్షరాలే గాని, ఒత్తునూ గుడినీ కొమ్మునూ విడివిడిగా లెక్కపెట్టే ఆ యంత్రానికి పది. ఇంగ్లీషు ‘వర్కర్’ ఆరుతో సరిపోతుంది. అయితే ఇవి చెప్పుకోవడానికి బాగుండే కారణాలు. ఢిల్లీలోనూ బొంబాయిలోనూ వున్నవాళ్లు చదివి మెచ్చుకోవాలన్న యావ అసలు కారణం.

ఒక శనివారం ఫ్రిట్జ్ లాంగ్ ‘మెట్రోపొలిస్’ పెట్టాం. 1927 నాటి మూకీ చిత్రం. విడుదలైన కొద్దికాలానికే కత్తిరింపులకు గురై, పోయిందనుకున్న భాగంలో చాలామట్టుకు 2008లో బ్యూనస్ ఐర్స్‌లో దొరికింది. మేము చూసింది అవి చేర్చిన ప్రతి. పైన యజమానుల ఉద్యానవనాలు, భూమి కింద కార్మికుల ఊరు. షిఫ్టు మారే దృశ్యంలో ఒక గుంపు లోపలికి పోతూ వుంటుంది, ఒక గుంపు బయటికి వస్తూ వుంటుంది. అందరివీ ఒకే దుస్తులు, ఒకే అడుగు, వంచిన తలలు. గోడమీద పది గంటల గడియారం.

మాలో ఒకడిది గోదావరిఖని. తండ్రి సింగరేణి కార్మికుడు. అతని దగ్గర వున్నది బటన్ల ఫోను. అంచేత మా ట్వీట్ల పండుగలో అతడు వట్టి ప్రేక్షకుడు. ఆ దృశ్యం నడుస్తుండగా అతను నెమ్మదిగా అన్నాడు:

“మా నాయిన బాయిలకెళ్లి ఇట్ల తలకాయ వంచుకొని రాడన్నా. అలిసిపోతడు గాని, నలుగురితోని ముచ్చట పెట్టుకుంటనే వస్తడు.”

ఎవరమూ తలెత్తలేదు. నేను ఆ క్షణాన క్రాకవర్ పేరుతో ఒక ట్వీటు దిద్దుతున్నాను. జర్మను సినిమా మీద ఆయన 1947లో ప్రచురించిన పుస్తకం ముందుమాట తప్ప నేనప్పటికి చదవలేదు. ట్వీటు పంపాక, “ఏమన్నావు?” అని అడిగాను. “ఏం లేదన్నా, నువ్వు రాసుకో,” అన్నాడు. నా ట్వీటుకు మంచి ఆదరణే లభించింది.

ఆ సినిమాతో వున్న పేచీ అంతా అతని మాటలో వుంది. లాంగ్ కార్మికుడి బాధను చూశాడు గాని, అతని మాట వినలేదు. నోరు లేని మందగా చూపితేనే గదా, చివర యజమాని కొడుకు వచ్చి తండ్రి చేతినీ ఫోర్‌మన్ చేతినీ కలిపి కథ ముగించగలిగేది! ముచ్చట్లాడుకునేవాళ్లు యూనియను పెట్టుకుంటారు. వాళ్లకు యజమాని కొడుకు మధ్యవర్తిత్వం అక్కరలేదు. ఆ ముగింపు తనకు నచ్చదని తరువాతి కాలంలో లాంగే అన్నాడు. ముగింపును మేమూ బోలెడు వెక్కిరించాం. మొదటి దృశ్యాన్ని మాత్రం ‘ఎంత గొప్ప చిత్రకల్పన’ అని పంచుకున్నాం. బాయి పని చేసే మనిషి కొడుకు మా మంచం అంచునే కూర్చుని వున్నాడు.

మొన్నామధ్య నా పాత ట్వీట్లు వెతికాను. 2023లో ట్విట్టరు ఎక్స్‌గా పేరు మార్చుకున్నా, నావన్నీ పదిలంగా వున్నాయి. అతని మాట ఎక్కడా లేదు.

2020 లాక్‌డౌనులో, ఎవరి ఇళ్లలో వాళ్లం వుండి, ఒక రాత్రి మళ్లీ కలిశాం. అక్షరాల పరిమితి 2017లోనే 280 అయింది. ఫోన్లలో తెలుగు చక్కగా కనిపిస్తోంది. సింగీతం ‘ఆదిత్య 369’ పెట్టుకున్నాం. ఇప్పుడు ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుడైన ఆ మిత్రుడూ వచ్చాడు. కాలయంత్రం రాయలవారి కాలం దాటి 2504కు చేరింది. అణుయుద్ధం తరువాత మనుషులు భూగర్భంలో బతుకుతున్నారు. “జర ఆపుండ్రి, టైపు చేస్తున్న,” అని ఫోనులో గ్రూపుకు కబురు పెట్టాడు. అందరం సినిమా ఆపాం. నాలుగైదు నిమిషాలు పట్టింది. మాలో ఒకరిద్దరికి అది విసుగనిపించిందని నాకు తెలుసు. చివరికి వచ్చిన ట్వీటు ఇది:

“భూమి కింద ఇంత పెద్ద ఊరు తవ్వినోళ్లు ఎవరో, వాళ్లు ఏ షిఫ్టుల ఉన్నరో సినిమాల చూపియ్యలే.”

ఈసారి జవాబు నేనే ముందు రాద్దామనుకున్నాను. చాలాసేపటి దాకా ఏమీ తోచలేదు. సినిమా అక్కడే ఆగి వుంది.