నీరు వదలని నేల

రాజమండ్రి వైపు నుంచి వెళ్తూ గౌతమి వంతెన దాటి రావులపాలెంలో దిగితే... అదిగో కోనసీమ! లారీల నిండా అరటి గెలలు, ఆకాశాన్ని కప్పేసిన కొబ్బరి మట్టలు, కాలువ గట్టు మీద సైకిళ్లు. సినిమాల్లో చూసిందంతా అక్కడే ఉంటుంది. కాకపోతే సినిమావాళ్లు కెమెరాని ఎప్పుడూ కొబ్బరాకుల వైపే తిప్పుతారు. ఆ సీమ అసలు కథ తెలియాలంటే చూడాల్సింది కాళ్ల కింద ఉన్న మట్టిని.

ఏటిగట్టు దిగి లంకలో గుప్పెడు మట్టి తీస్తే వేళ్ల సందుల్లోంచి పొడిపొడిగా జారిపోతుంది. ఇసుకా, మెత్తటి ఒండ్రూ కలిసిన నేల అది. అరటి, కూరగాయలు, పూలు... ఏది వేసినా వస్తుంది. అక్కడినుంచి అమలాపురం వైపు లోపలికి వెళ్లి ఏదైనా వరిచేలో అలాగే గుప్పెడు మట్టి తీయండి. ఉండ చేస్తే ఉండవుతుంది, పేనితే తాడవుతుంది. వినాయక చవితికి పిల్లలు బొమ్మ చేసే బంకమన్ను!

నది ఒకటే. మరి మట్టి రెండు రకాలెందుకయింది? వరద గట్టు పొర్లగానే నీటి వేగం తగ్గిపోతుంది. బరువైన ఇసుక అక్కడికక్కడే పడిపోతుంది. మిల్లీమీటరును 500 ముక్కలు చేస్తే ఒక ముక్క ఎంతుంటుందో అంతకన్నా చిన్నవైన బంక రేణువులు మాత్రం నీటితోపాటు దూరం వెళ్లి, అది కదలకుండా నిలిచిన చోట మెల్లగా అడుగుకి చేరతాయి. వేల ఏళ్లు ఇలా జరిగేసరికి ఏటి ఒడ్డు మెరకైంది, లోపలి నేల పల్లమైంది. పొలం కొన్నా, ఇల్లు కట్టినా కోనసీమలో మొదట అడిగేది అదే... మెరకా, పల్లమా అని. కొబ్బరి మెరక మీద ఉంటుంది, దాని వేళ్లకు నీరు నిలిస్తే పడదు మరి. పల్లం వరిది.

వేసవిలో ఈ పల్లపు చేలు బీటలు వారతాయి. తొలకరి వాన ఆ నెర్రెల్లోంచి గడగడా దిగిపోతుంది. ఇక భూమి ఎంతైనా తాగేస్తుందనుకుంటే పొరపాటే. తడిసిన బంకమట్టి ఉబ్బి నెర్రెలన్నీ మూసుకుపోతాయి. ఆ తర్వాత పడిన నీరు పడినట్టే పైన నిలుస్తుంది. దమ్ము చేసి ఊడ్చే రైతుకు కావలసిందీ అదే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసి కాటన్ దొర కాలువలు పారిస్తే, ఆ నీటిని పట్టి ఉంచింది ఈ మట్టే.

నీరు నిలిచిన చేను లోపల ఇంకో ప్రపంచం. మట్టి సందుల్లో గాలి ఉండదు. ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ సూక్ష్మజీవులు కొద్దిరోజుల్లోనే వాడేస్తాయి. తర్వాత అవి మట్టిలోని ఇనుము మీద పడతాయి. గోధుమ రంగు నేల కాస్తా నీలి బూడిద రంగుకు తిరుగుతుంది. కాలు తీస్తే ఒక్కోసారి కుళ్లిన గుడ్ల కంపు. మొక్కకు జింకు సరిగా అందదు. ఇలాంటిచోట మినుమైతే కుళ్లిపోతుంది. వరి మాత్రం ఆకుల నుంచి వేళ్ల దాకా సన్నని గొట్టాలు పెట్టుకుని గాలిని కిందికి పంపుకుంటుంది. ఒక మొక్క పీకి చూస్తే వేళ్ల మీద తుప్పు రంగు కనిపిస్తుంది. ఆ గాలి తగిలి ఇనుము తుప్పు పట్టిన గుర్తది.

కానీ వరికీ ఓ హద్దుంది. పాదం మునిగితే సంతోషం, తల మునిగితే ప్రాణాపాయం. సార్వా పంట ఈనే వేళకు తుపాను పట్టిందంటే నీరు కిందికి ఇంకదు, పక్కకే పోవాలి. అందుకే మెరక వెంట పంట కాలువ, పల్లం వెంట మురుగు కాలువ. మురుగు కాలువలో గుర్రపుడెక్క పెరిగినా, సముద్రం దగ్గర మొగ ఇసుకతో పూడినా, పోటు వేళ నీరు ఎదురు తన్నినా చేను చెరువే. చెరువే నయమనుకుని చాలామంది రొయ్యల సాగులోకి వెళ్లిపోయారు. నీటిని ఇంకనివ్వని మట్టి అక్కడా కలిసొచ్చింది. అడ్డొచ్చిన చెరువుగట్ల వల్ల తమ చేలు మునుగుతున్నాయని పక్క రైతులు మొత్తుకోవడమూ అప్పటినుంచే.

ఈ ముంపు కొత్తదేం కాదు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో మురుగు పనుల కోసం సెస్సు వసూలు చేసేందుకు 1968లోనే ఓ చట్టం వచ్చింది. అయినా 2011 సార్వాలో కోనసీమ రైతులు వేల ఎకరాలు బీడు పెట్టి ‘క్రాప్ హాలిడే’ ప్రకటించారు. ధర లేకపోవడం, కూలి ఖర్చు పెరగడంతోపాటు వాళ్లు చెప్పిన కారణాల్లో మురుగు ఒకటి. సంగతి తేల్చడానికి మోహన్ కందా కమిటీ వేశారు. 2022లో కొన్నిచోట్ల మళ్లీ అదే మాట వినిపించింది. అన్నపూర్ణ అని పేరున్న సీమలో నాగలి దించేయడమంటే చిన్న విషయమా!

శాస్త్రవేత్తలు ఊరుకోలేదు. పశ్చిమ గోదావరి మార్టేరులో పుట్టిన స్వర్ణ వరికి ముంపును తట్టుకునే జన్యువు చేర్చి తెచ్చిన రకం 2009లో విడుదలైంది. లేత పైరు రెండు వారాలదాకా మునిగినా మళ్లీ చిగురిస్తుంది. అయితే కోతకొచ్చి పడిపోయిన చేనుకు ఆ జన్యువు సాయం రాదు. దానికి కావలసింది వేసవిలోనే పూడిక తీసిన డ్రెయిను.

ఈ మట్టినీ, ఆ మురుగు కాలువనూ ఒకేచోట చూడాలనుకునేవాళ్లు కనుమ నాడు అంబాజీపేట మండలం జగ్గన్నతోటకు వెళ్లాలి. ఏకాదశ రుద్రుల ప్రభలు కలిసే తీర్థమది. గంగలకుర్రు ప్రభలను పచ్చని వరిచేలకు అడ్డంగా భుజాల మీద మోసుకొస్తారు. పైరు తొక్కారని ఏ రైతూ కోప్పడడు, మేలనుకుంటాడు. దారిలో కౌశిక అడ్డొస్తుంది. మోసేవాళ్లు ఆగరు. బంకమట్టిలో కాళ్లు దిగబడుతున్నా ‘శరభ... శరభ’ అంటూ ప్రభతో సహా నీళ్లలోకి దిగిపోతారు.