తాత నుదుటి గీతలు

తాత పోయిన ఏడాదికి, చేనుగట్టున పెట్టడానికి ఆయన బొమ్మ చెక్కించాలని అవ్వను తీసుకుని బండి ఆత్మకూరు నుంచి ఆళ్లగడ్డ వెళ్లాం. శిల్పుల షెడ్లలో దేవుళ్లూ, చనిపోయిన నాయకులూ రాతిదుమ్ము కప్పుకుని పక్కపక్కనే నిలబడి ఉన్నారు. మా దగ్గరున్నది ఆధార్ ఫొటో ఒక్కటే. చూసి శిల్పి, “ముడతలు తీసేద్దామా? అందరూ తీసేయమంటారు” అన్నాడు. నాయన సరేనన్నాడు.

నాకు రోమన్లు గుర్తొచ్చారు. క్రీ.పూ. 1వ శతాబ్దంలో అక్కడి పెద్దమనుషులు ముడతలు, బట్టతల, లోపలికి పోయిన బుగ్గలతో సహా తమ ముఖాల్ని పాలరాతిలో చెక్కించుకునేవాళ్లు. పడిన కష్టానికి, వచ్చిన అనుభవానికి అవే రుజువులు. పూర్వీకుల ముఖాలను ఇంట్లో దాచుకుని, ఎవరైనా పోతే వాటిని తొడుక్కుని శవం వెంట నడిచేవాళ్లని పొలిబియస్ రాశాడు. తర్వాత ఆగస్టస్ వచ్చాడు. 75 ఏళ్లు బతికాడు గానీ విగ్రహాల్లో చివరిదాకా కుర్రాడే. మన కూడళ్లలోని నాయకులు చాలామంది ఆయన దారే పట్టారు.

తాత దారి ఏదో తేల్చింది మాత్రం అవ్వే.

“గీతలు తీసేస్తే ఆయన్ని నేనే గుర్తుపట్టలేను నాయనా. ఎండలో నిలబడి మడికి నీళ్లు కట్టి తెచ్చుకున్యాడు. ఉండనీ.”

శిల్పి ఏమీ అనలేదు. ఫోన్‌లో ఫొటోను వేళ్లతో పెద్దది చేసి, తాత నుదుటి మీద గీతలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.