వేలి చివరి నెత్తురు

అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల సందడి దాటి పంజాగుట్ట వైపు వస్తే నిమ్స్. నిజాం ఆర్థోపెడిక్ హాస్పిటల్‌గా మొదలైన ఆ చోట ఇప్పుడు అన్ని రోగాల వాళ్లూ ఉంటారు. ఇలాంటి పెద్దాసుపత్రుల్లో ఐసీయూ బయట కూర్చున్నవాళ్ల నోట తరచుగా వినిపించే మాట: "బీపీ నిలబడటం లేదంట."

దానికి తరచూ కారణం సెప్టిక్ షాక్. అందులో సూక్ష్మజీవులతో పోరాడే శరీరమే తన రక్తనాళాలను వదులు చేసుకుంటుంది. సెలైన్ ఎక్కించినా సగటు రక్తపీడనం 65కి చేరకపోతే, నాళాలను బిగించే నోరడ్రినలిన్ మొదలుపెడతారు. అదీ చాలకపోతే వాసోప్రెసిన్‌ను నిమిషానికి 0.03 యూనిట్ల చొప్పున జోడిస్తారు.

విచిత్రమేమిటంటే ఇవేవీ ఒంటికి పరాయివి కావు. నోరడ్రినలిన్ మన నరాల చివర్లలో పుట్టేదే; 1946లో ఉల్ఫ్ ఫాన్ ఆయిలర్ దాన్ని గుర్తించాడు. వాసోప్రెసిన్ పిట్యూటరీ గ్రంథి దాచిపెట్టుకునే హార్మోన్. షాక్ ముదిరిన రోగుల నెత్తుటిలో అది ఉండవలసినంత ఉండదని 1997లో బయటపడింది. అమెరికాలో 2017లో అనుమతి పొందిన యాంజియోటెన్సిన్-2 అనే మందు కూడా ఒంట్లో పుట్టేదే. శరీరం ఖర్చుపెట్టేసుకున్న సొమ్మును మనం సిరంజి పంపుతో చుక్కచుక్కగా తిరిగి జమ చేస్తున్నాం.

అయితే ఈ జమలోనే కోత ఉంది. నాళం బిగిస్తేనే పీడనం పెరుగుతుంది. ఆ బిగింపే వేళ్ల కొసలకు నెత్తురు అందకుండా చేయగలదు. మానిటర్ తెర మీద బీపీ అంకె కోలుకుంటుండగా మనిషి వేళ్లు నల్లబడటం ఈ చికిత్సలో అందరికీ తెలిసిన విషాదం. పోనీ మందు మారిస్తే? నోరడ్రినలిన్‌కు వాసోప్రెసిన్ చేర్చి చూసిన 2008 నాటి పెద్ద అధ్యయనంలో, మొత్తం మీద మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

2019లో మరో బృందం తెరతోపాటు వేలినీ చూసింది. వేలి కొసను నొక్కి వదిలితే రంగు ఎంతసేపట్లో తిరిగొస్తుందో గమనిస్తూ చికిత్స చేసినవాళ్లలో 28 రోజులకు మరణాలు 34.9 శాతం, రక్తంలో లాక్టేట్ అనే పదార్థాన్ని కొలుస్తూ చేసినవాళ్లలో 43.4. గణాంకశాస్త్రం దీన్ని రుజువుగా ఒప్పుకోలేదు, ఒప్పుకోకపోవడం సబబే. అయినా, పైసా ఖర్చులేని ఆ పరీక్ష వేసిన ప్రశ్న నన్ను వదలదు: నెత్తురు ఎంత ఒత్తిడితో బయలుదేరిందని కాదు, చేరవలసిన చోటికి చేరిందా అని.

బయట ఉన్నవాళ్లతో మాట్లాడేటప్పుడు కూడా డాక్టర్లు అంకెతోపాటు ఇది చెబితే బాగుంటుంది: మూత్రం వస్తోందా, వేళ్లు వెచ్చబడ్డాయా, పిలిస్తే పలుకుతున్నారా. ఇంటిల్లిపాదీ అడగాలనుకునేది ఇదే. ఎలా అడగాలో తెలియక బీపీ గురించి అడుగుతారు.