మడివాళ చెరువు గట్టున కెమెరా

బెంగళూరులోని పెద్ద చెరువుల్లో మడివాళ చెరువు ఒకటి. బీటీఎం లేఅవుట్ దాని పక్కనే. పొద్దున నడకకు వచ్చేవారికి గూడబాతులు, నీటికాకులు, తెల్లకొంగలు కనిపిస్తాయి. వాటిని ఫొటో తీయాలంటే, ఫోన్‌లో డిజిటల్ జూమ్ బొమ్మను కత్తిరించి పెద్దది చేస్తుందే తప్ప పక్షిని దగ్గరకు తేదు. అన్నిటికన్నా కష్టం తెల్లకొంగ. చుట్టూ ఉన్న ముదురు నీటిని బట్టి కెమెరా వెలుగు పెంచేస్తుంది, ఈకల గీతలు చెరిగిపోతాయి. ఎక్స్‌పోజర్ ఒక మెట్టు తగ్గిస్తే ఒక్కో ఈకా విడిగా కనిపిస్తుంది, ఎంత అందమో! ఎగిరే పక్షికైతే సెకనులో వెయ్యోవంతు షట్టర్ వేగం కావాలి. బెంగళూరు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది కాబట్టి సూర్యుడు దాదాపు నిటారుగా పైకి లేస్తాడు, బంగారు వెలుగు త్వరగా తెల్లబడుతుంది. ఎండెక్కాక ఫొటోలకు చెరువు కన్నా మార్కెట్ మేలు: గుడ్డ పందిళ్ల కింద కూరగాయల రంగులు మెత్తగా పడతాయి. అమ్మేవారి ముఖం తీసేముందు మాత్రం వారిని అడగాలి.