చిన్నమ్మ ఇచ్చిన అక్షరం

మా ఇంట్లో మగవాళ్లంతా దర్వాజ దగ్గర తల వంచే లోపలికొస్తారు. బాపు, చిన్నాయన, చిన్నాయన కొడుకు... ఊళ్లో మాది "తాటిచెట్ల ఇల్లు". మాది పాలంపేట. పొడుగు కాళ్లు, పొడుగు చేతులంటే మా ఊరోళ్లకు ముందు గుర్తొచ్చేది రామప్ప గుడి చూరు కింది మదనికలు. అందుకే వాలీబాల్ ఆడేటప్పుడు తమ్ముణ్ని "మదనిక" అని ఏడిపించేవాళ్లు. నెట్ దగ్గర వాడు లేస్తే ఆపేవాడు లేడు కాబట్టి వాడు పట్టించుకునేవాడు కాదు.

చిన్నాయన 41 ఏళ్లకే పోయాడు. పొలం దగ్గర ఉన్నట్టుండి రెండు భుజాల మధ్య వీపు చిరిగిపోతున్నట్టు నొప్పి వచ్చింది. తీసుకెళ్లిన చోట ముందు గ్యాస్ అన్నారు, తర్వాత గుండెపోటు అన్నారు. పోస్టుమార్టం జరగలేదు. ఊళ్లో మాత్రం కారణం వెంటనే దొరికింది. చిన్నమ్మ! "దాని అడుగు మంచిది గాదు" అన్నారు. పదేళ్లు ఆ మాట మా వాకిట్లోనే తిరిగింది.

తమ్ముడికి 19 ఏళ్లప్పుడు కాలేజీ టీమ్ సెలెక్షన్‌కు మెడికల్ చెకప్ చేశారు. స్టెతస్కోప్ పెట్టిన డాక్టర్ ఏదో తేడా శబ్దం విని ఎకో రాశారు. గుండెలోంచి బయటికొచ్చే పెద్ద రక్తనాళం, అంటే బృహద్ధమని, మొదట్లోనే 4.3 సెంటీమీటర్లు ఉంది. వాడి వయసుకు, ఒడ్డూ పొడుగుకు అది బాగా ఎక్కువ. ఆ గోడ ఒకరోజు లోపల చీలితే వీపు చిరిగినట్టే నొప్పొస్తుందని డాక్టర్ చెప్పారు. అప్పుడు అందరం చిన్నమ్మ ముఖం చూశాం. ఆమె అప్పటికే చిన్నాయన ఫొటో వైపు చూస్తోంది.

తొమ్మిదో తరగతిలో చదువుకున్న సంయోజక కణజాలం గుర్తుందా? చర్మం, కీళ్లు, కంటి కటకం, రక్తనాళాల గోడలు, అన్నిటినీ పట్టి ఉంచేది అదే. దానికి బలాన్నిచ్చే ప్రొటీన్లలో ఒకటి ఫైబ్రిలిన్-1. దాన్ని తయారుచేసే జన్యువు ఎఫ్‌బీఎన్1. ఈ జన్యువులో లోపం వస్తే మార్ఫాన్ సిండ్రోమ్. మనిషి పొడుగవుతాడు, వేళ్లు సాగుతాయి, కంటి కటకం జారొచ్చు, బృహద్ధమని ఉబ్బొచ్చు. అమ్మానాన్నల్లో ఒకరికి ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగం. మేనరికం అక్కర్లేదు, ఒక్కరి దగ్గర్నుంచి వస్తే చాలు. బృహద్ధమని ఉబ్బడానికి ఇదొక్కటే కారణం కాదు. లోయిస్-డైట్జ్ సిండ్రోమ్ ఉంది, ఎహ్లర్స్-డాన్లోస్‌లో రక్తనాళాలను దెబ్బతీసే రకం ఉంది. వేరే జన్యువులు, వేరే లెక్కలు.

(ఇది చదువుతూ చాలామంది బొటనవేలు, చిటికెనవేలితో మణికట్టు చుట్టి చూసుకుంటారని తెలుసు. వేళ్లు ఒకదానిమీద ఒకటి ఎక్కినంత మాత్రాన ఏమీ కాదు. డాక్టర్లు వాడే ఘెంట్ ప్రమాణాల్లో ఆ ఒక్కదానికి 1 పాయింటే. ఒంటి లక్షణాలు లెక్కలోకి రావాలంటే మొత్తం 7 కావాలి. తమ్ముడికి 4 వచ్చాయి.)

జీన్ టెస్ట్ రిపోర్టు నెల తర్వాత వచ్చింది. ఎఫ్‌బీఎన్1లో ఒక అక్షరం మారింది. పక్కనే "వీయూఎస్" అని ఉంది. అంటే, ఈ మార్పు హాని చేసేదో కాదో ఇంకా తేలలేదని. మా ఫ్యామిలీ గ్రూప్‌లో మాత్రం "జీన్ దొరికింది" అని తిరిగింది. ల్యాబ్ తరఫున ఫోన్ చేసినాయన ఇంకో మెట్టెక్కాడు. "ఇంట్లో అందరూ ఆ ఒక్క మార్పుకు టెస్ట్ చేయించుకోండి. లేనివాళ్లు సేఫ్" అన్నాడు. అప్పుడే మా అక్కకు సంబంధం చూస్తున్నారు. "చేపిద్దాం, లేదని కాగితం వస్తే వాళ్లకు చూపియ్యొచ్చు" అంది అమ్మ.

హైదరాబాద్‌లో జన్యు వైద్యం చూసే డాక్టరమ్మ ఆ కాగితాన్ని పక్కన పెట్టి, తెల్లకాగితం మీద మా వంశవృక్షం గీయడం మొదలుపెట్టారు. మగవాళ్లకు చదరాలు, ఆడవాళ్లకు సున్నాలు. చిన్నాయన చదరం మీద అడ్డగీత.

ఆమె చెప్పింది వింటుంటే నాకు మా గుడే గుర్తొచ్చింది. గుడి దగ్గర కథలు చాలా వినిపిస్తాయి, వినడానికి బాగుంటాయి. కానీ గుడి ఎప్పటిది, ఎవరు కట్టించారు అంటే శాసనం దగ్గరికే వెళ్లాలి. 1213, గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు. జీన్ రిపోర్టులో కూడా ఏది శాసనం, ఏది కథ అని అడగాలి కదా.

మార్పుల్ని ఐదు గంపల్లో వేస్తారట. నిరపాయం, బహుశా నిరపాయం, తేలనిది, బహుశా హానికరం, హానికరం. "బహుశా హానికరం" అనాలంటేనే దాదాపు 90 శాతం నమ్మకం కావాలి. మధ్య గంప చాలా పెద్దది. అందులో 15 శాతం అనుమానం ఉన్నదీ ఉంటుంది, 85 ఉన్నదీ ఉంటుంది.

తూకం ఎలా? ముందు ఆ అక్షరం ఏ చోట మారిందో చూస్తారు. ఫైబ్రిలిన్‌లో సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలు జంటలు జంటలుగా ముడిపడి ప్రొటీన్ ఆకారాన్ని నిలబెడతాయి. వాటిలో ఒకటి పోతే ముడి విప్పుకుంటుంది, అనుమానం బాగా బలపడుతుంది. తమ్ముడిలో మారింది సిస్టీన్ కాదు.

తర్వాత, ఆ మార్పు మామూలు జనంలో ఉందా అని చూస్తారు. "డేటాబేసుల్లో లేదు" అని రిపోర్టు దాన్ని అనుమానం వైపే లెక్కేసింది. ఆ డేటాబేసుల్లో ఎక్కువమంది యూరప్ మూలాలవాళ్లు. పాలంపేట మనుషులు లేని రిజిస్టర్‌లో పాలంపేట మనిషి అక్షరం లేదంటే ఎంత అర్థం? జీనోమ్ ఇండియా ప్రాజెక్టు 10,000 మంది భారతీయుల జన్యుక్రమాల డేటాను 2025 జనవరిలో అందుబాటులోకి తెచ్చింది. ఇలాంటి రిజిస్టర్లు పెరిగేకొద్దీ మన రిపోర్టుల్లోని చాలా "తేలనివి" తేలతాయి.

మూడోదే అసలైనది. జబ్బు, మార్పు కలిసి నడుస్తున్నాయా? చిన్నాయన లేడు, ఆయన రక్తమూ లేదు. అందుకే చిన్నమ్మ రక్తం తీసుకున్నారు.

మార్పు చిన్నమ్మలో ఉంది.

ఆ రాత్రి మా ఇంట్లో ఏమన్నారో రాయాలంటే చేయి రావట్లేదు. "మేం ముందే చెప్పలే?" అన్నవాళ్లూ ఉన్నారు. పదేళ్ల మాటకు ఇప్పుడు ల్యాబ్ ముద్ర పడిందనుకున్నారు. చిన్నమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు.

కానీ ఆ ఫలితం చెప్పేది పూర్తిగా తలకిందులు. చిన్నమ్మకు ఎకో తీశారు, కళ్లు చూశారు. 44 ఏళ్ల వయసులో అన్నీ మామూలే. పొడుగు, వీపు నొప్పి, అకాల మరణం, అవన్నీ చిన్నాయన వైపు. చిన్నమ్మది బయటి సంబంధం, మా వంశంతో చుట్టరికం లేదు. అంటే జబ్బు ఒక దారిలో, ఈ అక్షరం ఇంకో దారిలో వచ్చాయి. "అయితే నేనే ఇచ్చిన్నా మేడం?" అని చిన్నమ్మ అడిగితే డాక్టరమ్మ అన్నారు: "అక్షరం మీరిచ్చారమ్మా. జబ్బు మీరిచ్చారనడానికి సాక్ష్యం లేదు." మార్ఫాన్ ఒక్కొక్కరిలో ఒక్కోలా కనబడుతుంది కాబట్టి కాగితం మీద అది ఇంకా వీయూఎస్‌గానే ఉంది. తూకం మాత్రం నిరపాయం వైపు ఒరిగింది.

మేనరికం అయ్యుంటే ఇంత తేలిగ్గా విడదీయలేకపోయేవాళ్లమని కూడా అన్నారు. రెండు దారులూ ఒకే తాత దగ్గర కలిసేవి.

ఇక ఫోన్‌లో చెప్పిన ఆ "లేనివాళ్లు సేఫ్" సంగతి చూడండి. ఆ మార్పు అక్కలో ఎలాగూ ఉండదు, అది మా రక్తంలోదే కాదు. "లేదు" అని కాగితం వచ్చేది, పెళ్లయ్యేది, కడుపుతో ఉండేది. బృహద్ధమని ఉబ్బి ఉన్నవాళ్లకు గర్భం ప్రమాదకరమైన సమయమని ఆ కాగితం చెప్పేది కాదు.

జీన్ టెస్ట్ వద్దని కాదు. హైదరాబాద్‌లో నిమ్స్‌లో జన్యు వైద్య విభాగం ఉంది, ఉప్పల్‌లో సీడీఎఫ్‌డీ ఉంది. కారణం గట్టిగా దొరికితే ఎవరికి చెకప్‌లు అక్కర్లేదో తేలుతుంది. 5 సెంటీమీటర్ల దాకా ఆగొచ్చా, ముందే ఆపరేషన్ చేయాలా అన్నదీ కొంత జన్యువును బట్టే ఉంటుంది. ప్యాకేజీలో ఎక్కువ జీన్లుంటే మంచిదనుకోవడమే తప్పు. 2018లో క్లిన్‌జెన్ నిపుణులు ఈ జబ్బులకు ముడిపెట్టిన 53 జన్యువుల్ని తూచితే 11కే బలమైన సాక్ష్యం కనబడింది. మిగతావి కలిపితే పెరిగేవి ఎక్కువగా "తేలనివే".

అమెరికా వాలీబాల్ తార ఫ్లో హైమన్ 1986లో జపాన్‌లో మ్యాచ్ మధ్యలో కుప్పకూలి చనిపోయింది. 31 ఏళ్లు. బృహద్ధమని చీలింది. మార్ఫాన్ ఉందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. తర్వాత ఆమె తమ్ముణ్ని పరీక్షిస్తే అతనికీ ఉబ్బు కనబడింది, ఆపరేషన్ చేశారు. ఎఫ్‌బీఎన్1 సంగతి తేలింది 1991లో. అతన్ని కాపాడింది జీన్ రిపోర్టు కాదు, అక్క ఎలా పోయిందో సరిగ్గా చెప్పిన పోస్టుమార్టం.

మా తమ్ముడు బీపీ మాత్ర వేసుకుంటున్నాడు. పోటీలు బంద్, జిమ్‌లో బరువులు బంద్. ఇప్పుడు కోర్టు పక్కన విజిల్ పట్టుకుని రిఫరీగా నిలబడుతున్నాడు, అందర్నీ తిడుతున్నాడు. ఆర్నెల్ల తర్వాతి ఎకోలో 4.3 అలాగే ఉంది. అక్క ఎకో నార్మల్, నాదీ నార్మల్. మాకు మళ్లీ కొన్నేళ్లకు తీయాలి.

అందరికంటే ముందు తీయాల్సింది బాపుకు. చిన్నాయన సొంత అన్న కదా. ఆయనది మామూలుగా వస్తే మా ఇద్దరి మీద అనుమానం కూడా బాగా తగ్గుతుంది. "నాకేమైందిరా, పొద్దున లేస్తే చెరువు కట్ట దాకా నడుస్తున్న" అంటాడు. నిన్న చిన్నమ్మ వచ్చి అరుగు మీద కూర్చుని, "బావా, ఆయన కూడా అట్లనే నడిచిండు" అంది. బాపు ఏమీ అనలేదు. సోమవారం ములుగు బస్సు ఎన్నింటికని నన్నడిగాడు.